కాలు జారినా పడకుండా నిలదొక్కుకోవాలంటే: శరీరానికి ముందే నేర్పాల్సిన పని

తడి గచ్చు మీద కాలు జారిన క్షణం నుంచి నడుము నేలకి తగిలేదాకా పట్టేది సుమారు ఒక సెకను, ఒక్కోసారి అంతకన్నా తక్కువే. ‘జారుతున్నాను, ఇప్పుడేం చెయ్యాలి’ అని ఆలోచించి చేసే పనికి అందులో వ్యవధి ఉండదు. పడకుండా ఆపేది శరీరం తనంతట తాను చేసే పనే. అది చురుగ్గా, సరైన దిక్కులో జరిగేలా ముందే అలవాటు చెయ్యడం ఒక్కటే మన చేతిలో ఉంది. ఆ అలవాటు ఎలా చెయ్యాలో, ఎవరు ఒంటరిగా చెయ్యకూడదో కింద వివరంగా ఉంది. అరవై దాటినవాళ్లకి ఇది అవసరం. నలభైల్లోనే మొదలుపెట్టినవాళ్లకి ఇంకా తేలిక.

జారిన ఆ సెకనులో ఏం జరుగుతుంది

నడకలో ప్రమాదకరమైన జారుడు చాలావరకు మడమ నేలకి ఆనిన వెంటనే మొదలవుతుంది. అప్పటికి ముందుకాలు వాలుగా ఉంటుంది, ఒంటి బరువు ఇంకా పూర్తిగా దాని మీదికి వచ్చి ఉండదు. అడుగు ఎంత పెద్దదైతే కాలు అంత ఏటవాలుగా పడుతుంది, మడమ నేలని ముందుకి అంత గట్టిగా తోస్తుంది. పొడి నేల ఆ తోపుని ఆపుకోగలదు. సబ్బునీళ్లో పాకుడో నూనో ఉంటే ఆపలేదు. మడమ ముందుకి పోతుంది, నడుము వెనకే ఉండిపోతుంది. నడుస్తూ జారినవాళ్లు ఎక్కువగా వెల్లకిలానో పక్కకో పడేది అందుకే. కాలికి ఏదైనా తట్టుకుంటే బోర్లా పడతారు. అది వేరే సంగతి, అప్పుడు శరీరం చేసే దిద్దుబాటు కూడా వేరు.

మడమ రెండు మూడు సెంటీమీటర్లు జారితే చాలామంది గమనించను కూడా గమనించరు. పది సెంటీమీటర్లు దాటితే ఆపుకోవడం కష్టమవుతుంది. జారే వేగం సెకనుకి అర మీటరు మించిందంటే పడే అవకాశమే ఎక్కువ.

ఆ లోపే శరీరానికి మూడు చోట్ల నుంచి కబురు అందుతుంది. అరికాలి చర్మం, చీలమండ, మోకాలి కండరాలు ఒకటి. లోచెవిలోని మూడు అర్ధవలయ నాళాలు, వాటి పక్కనున్న రెండు చిన్న సంచులు రెండోది. మూడోది కళ్లు. కండరం సాగగానే వెన్నుపాము ఇచ్చే మొదటి జవాబు 40, 50 మిల్లీసెకన్లలో వస్తుంది గానీ దాని బలం చాలదు. అసలు పనికొచ్చే జవాబు మెదడు కాండం నుంచి 100 మిల్లీసెకన్ల ప్రాంతంలో బయల్దేరుతుంది. నడకలో జారినప్పుడు కాలి బలం దిద్దుబాటు వైపు తిరిగేసరికి సెకనులో అయిదో వంతు గడిచిపోతుంది. కావాలని చేసే పని దాని తర్వాతే.

అప్పుడు నాలుగు పనులు దాదాపు ఒకేసారి జరుగుతాయి. జారిన కాలిని తొడ వెనక కండరాలు, పిరుదుల కండరాలు వెనక్కి లాగుతాయి. గాలిలోకి లేచి ముందుకి రావాల్సిన రెండో కాలు ప్రయాణం మానుకుని గబుక్కున కిందికి దిగి, నడుముకి వెనకగా ఆనుతుంది. మొండెం ముందుకి వంగుతుంది. చేతులు పైకి, ముందుకి లేస్తాయి.

ఈ నాలుగింటిలో ప్రాణం నిలబెట్టేది రెండోది. వెనక కాలు సమయానికి ఆనితే, జారిన కాలు ఎంత దూరం పోయినా మనిషి సాధారణంగా నిలబడతాడు. అది ఆలస్యమైతే చేతులు ఎంత ఊపినా లాభం ఉండదు. అడుగు సరైన చోటే పడినా మోకాలు బరువు ఆపలేక మడత పడి కూలబడేవాళ్లూ ఉన్నారు. కాబట్టి అభ్యాసంలో రెండూ ఉండాలి: వెనక్కి వేగంగా వేసే అడుగు, ఆ అడుగు మీద బరువు నిలిపే తొడ బలం. చాలామంది ఒంటికాలి మీద నిలబడడం ఒక్కటే సాధన చేసి ఊరుకుంటారు. అది మంచిదే, కానీ కదలకుండా నిలబడే నేర్పు జారినప్పుడు సగమే అక్కరకొస్తుంది.

మొదలుపెట్టే ముందు మీ స్థితి చూసుకోండి

ఇంట్లో ఎవరినైనా పక్కన ఉంచుకుని, వంటింటి గట్టు దగ్గర, చెప్పులు విప్పి, పొడి నేల మీద చెయ్యండి. గట్టు చేతికి అందేంత దగ్గరలో ఉండాలి గానీ దాన్ని పట్టుకోకూడదు.

మొదట పాదాలు రెండూ ఆనించి 10 సెకన్లు నిలబడండి. తర్వాత ఒక పాదాన్ని సగం ముందుకి జరపండి, వెనక పాదం బొటనవేలు ముందు పాదం మధ్యకి తగలాలి. 10 సెకన్లు. తర్వాత ఒక పాదం మడమ రెండో పాదం వేళ్లకి తగిలేలా ఒకే గీత మీద నిలబడండి. మళ్లీ 10 సెకన్లు. చివరికి ఒంటికాలి మీద. మూడోది, అంటే ఒకే గీత మీద నిలబడడం, 10 సెకన్లు చెయ్యలేకపోతే పడే ప్రమాదం ఎక్కువగా ఉన్నట్టు లెక్క.

ఇంకో పరీక్ష కాళ్ల బలానిది. సుమారు 17 అంగుళాల ఎత్తున్న, చేతులు లేని కుర్చీని గోడకి ఆనించండి. చేతులు గుండెల మీద కట్టుకుని 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టండి. అమెరికా ఆరోగ్య శాఖవారి కొలత ప్రకారం 60 నుంచి 64 ఏళ్ల మగవాళ్లు 14 సార్ల కన్నా, ఆడవాళ్లు 12 సార్ల కన్నా తక్కువ చేస్తే సగటు కంటే బలం తగ్గినట్టే. 70 నుంచి 74 మధ్యలో ఆ అంకెలు 12, 10. లేవడానికి చేతి సాయం తప్పనిసరైతే లెక్క సున్నా. అప్పుడు కింద చెప్పే వేగం అడుగుల జోలికి పోకుండా ముందు కుర్చీ వ్యాయామంతోనే నెల రోజులు గడపండి.

పక్షవాతం వచ్చినవాళ్లు, పార్కిన్సన్స్ ఉన్నవాళ్లు, తుంటికో మోకాలికో ఈమధ్యే ఆపరేషన్ అయినవాళ్లు, చిన్న దెబ్బకే ఎముక విరిగిన చరిత్ర ఉన్నవాళ్లు, తల తిప్పగానే గది తిరిగినట్టు అనిపించేవాళ్లు ఇది ఇంట్లో సొంతంగా మొదలుపెట్టకండి. ఫిజియోథెరపిస్టు పక్కన ఉండి చేయించాలి. షుగరు వల్ల అరికాళ్లు మొద్దుబారినవాళ్లదీ అదే మాట: పాదం నుంచి రావాల్సిన కబురే రాదు కాబట్టి వాళ్ల అడుగు ఎప్పుడూ ఆలస్యంగానే పడుతుంది.

అభ్యాసం

వారానికి మూడు రోజులు, రోజు విడిచి రోజు, అరగంటతో మొదలుపెట్టండి. రెండు నెలలకి వారం మొత్తం మీద మూడు గంటలకి చేరితే ఫలితం బాగా కనిపిస్తుంది. ఈ అభ్యాసమంతా పొడి నేల మీదే. జారడం నేర్చుకోవాలని ఎవరూ నేల తడపకూడదు. సబ్బునీళ్ల దగ్గరికైతే అసలే పోకూడదు.

మొదటిది, చీలమండ. గట్టుకి ఎదురుగా, పాదాలు జానెడు ఎడంగా పెట్టి నిలబడండి. నడుము వంచకుండా, ఒళ్లంతా ఒకే కర్రలా ముందుకి వాలండి. బరువు వేళ్ల మీదికి రావాలి, మడమలు లేవకూడదు. అలాగే వెనక్కి వాలండి. బరువు మడమల మీదికి వచ్చి, వేళ్లు నేల వదలబోతున్నట్టు అనిపించగానే ఆగండి. పదిసార్లు. మీరు ఎంతదాకా వాలి తిరిగి రాగలరో శరీరం ఇక్కడ కొలుచుకుంటుంది. వెనక్కి వాలే హద్దు ముందుకి వాలే హద్దు కన్నా చాలా తక్కువని వెంటనే తెలుస్తుంది. చీలమండ వెనక పాదం ఉండేది కొద్దిగానే కదా. జారి వెనక్కి తూలినప్పుడు అడుగు వెయ్యడం తప్ప గతి లేకపోవడానికి కారణం కూడా ఇదే.

రెండోది, కాళ్ల బలం. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా వేగంగా లేవండి, నెమ్మదిగా మూడు అంకెలు లెక్కపెడుతూ కూర్చోండి. పదేసి చొప్పున రెండు విడతలు. లేవడం వేగంగా ఉండాలని గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. వయసుతో ముందు తగ్గేది వేగంగా పనిచేసే కండరపు పోగులు. నిదానంగా పది కిలోలు ఎత్తగలిగినా, సెకనులో పదో వంతులో మోకాలు బిగించలేకపోతే జారినప్పుడు ఆ బలం అక్కరకి రాదు. తర్వాత వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, పాదాలు నేల మీద ఆనించి నడుము పైకెత్తండి. పైన మూడు సెకన్లు ఆపి దించండి. పదేసి రెండు విడతలు. జారిన కాలిని వెనక్కి లాగే కండరాలకి ఇదే మంచి మేత. పాదాలు పిరుదులకి మరీ దగ్గరగా కాకుండా కాస్త దూరంగా పెడితే తొడ వెనక భాగానికి పని బాగా తగులుతుంది. అక్కడ కండరం పట్టేసినట్టయితే ఆపి కాలు చాపండి.

మూడోది వెనక్కి అడుగు. అన్నిటికన్నా ముఖ్యమైనది కాబట్టి దీని మీద ఎక్కువ సమయం పెట్టండి. గట్టుకి ఎదురుగా, వేళ్ల కొసలు దాని మీద ఆనించి నిలబడండి. మీ వెనక కనీసం నాలుగడుగుల ఖాళీ ఉండాలి. చాపలు, పట్టాలు తీసెయ్యండి. కుడికాలిని సుమారు ఒకటిన్నర అడుగుల దూరం వెనక్కి వెయ్యండి. పాదం ముందుభాగం ముందు ఆని, మడమ తర్వాత దిగాలి. మోకాలు కొంచెం వంగి ఉండాలి. గడ్డం కొద్దిగా దించి, ఛాతీ ముందుకే ఉంచండి. బరువు ఆ కాలి మీద ఒక క్షణం నిలిపి, తిరిగి రండి. ఒక్కో కాలితో ఎనిమిది.

ఇందులో మూడు తప్పులు తరచూ కనిపిస్తాయి. అడుగు వేస్తూ తల వెనక్కి వాల్చేస్తారు, దాంతో బరువు ఇంకా వెనక్కి పోతుంది. మోకాలు బిగబట్టి కర్రలా కాలు వేస్తారు, అప్పుడు దెబ్బంతా తుంటికీ నడుముకీ పోతుంది. ఇక మూడోది, అడుగు చిన్నది వేసి, అది చాలక మరొకటి, ఇంకొకటి వేస్తూ వెనక్కి పరుగెత్తుతారు. ఒకే అడుగుతో ఆగడం లక్ష్యం. రెండు మూడు పడితే ఫరవాలేదు. నాలుగు పడుతున్నాయంటే అడుగు పొడవు చాలడం లేదు, ఇంకొంచెం దూరం వెయ్యండి.

ఇది వారం పాటు తేలిగ్గా వచ్చాక వేగం పెంచండి. పక్కనున్నవాళ్లు ‘కుడి’, ‘ఎడమ’ అని ఎప్పుడంటే అప్పుడు అనాలి. అనగానే ఆ కాలు వెనక్కి పడాలి. ఇంకో వారం పోయాక మొదట చెప్పినట్టు ఒళ్లంతా మెల్లగా వెనక్కి వాల్చి, వేళ్లు నేల వదిలే హద్దు దాటగానే అడుగు వెయ్యండి. ఇక్కడ అడుగు మీరు వేసేది కాదు, వెయ్యక తప్పనిది. శరీరం నేర్చుకునేది ఆ తేడానే. అరవై అయిదు దాటినవాళ్లు ఈ వాలే అభ్యాసానికి వెనక ఒక మనిషిని తప్పకుండా నిలబెట్టుకోవాలి. ఆయన చేతులు మీ భుజాల రెక్కలకి బెత్తెడు దూరంలో ఉండాలి. తోసి, అకస్మాత్తుగా వదిలిపెట్టే పరీక్షలు ఇంట్లో వద్దు, అవి ఫిజియోథెరపిస్టు పని.

నాలుగోది పక్క అడుగు. తుంటి ఎముక విరగడానికి ఎక్కువ కారణమయ్యేది పక్కకి పడడమే. గట్టు వెంబడి పక్కకి పదడుగులు అటు, పదడుగులు ఇటు నడవండి. పాదాలు దాటించకండి, ఒకదాని పక్కన ఒకటి చేర్చుతూ వెళ్లండి. తర్వాత అదే వేగంగా, సూచన వినగానే ఒకే పెద్ద అడుగుగా. తుంటి పక్క కండరం అలిసినట్టు తెలియాలి. తెలియకపోతే మోకాళ్లు ఇంకొంచెం వంచండి.

ఇలాంటి సాధన శరీరంలో ఎంతకాలం నిలుస్తుందన్న ప్రశ్నకి మంచి జవాబే ఉంది. షికాగోలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 65 దాటినవాళ్లకి పైనుంచి రక్షణ పట్టీలు తగిలించి, నడుస్తుండగా చెప్పకుండా 24 సార్లు కాలు జారేలా చేశారు. ఆ ఒక్కరోజు సాధనతోనే, తర్వాతి ఏడాదిలో వాళ్లు పడడం సగానికి తగ్గిందని 2014లో ప్రచురించారు. శరీరం కొన్ని జారుళ్లకే నేర్చుకుంటుంది: పాదం చదునుగా ఆనించడం, అడుగు కుదించడం, బరువు ముందుకి తేవడం. పట్టీలు లేని ఇంట్లో అదే పని పొడి నేల మీద నెమ్మదిగా చేస్తున్నాం, అంతే.

జారే నేల మీద నడవాల్సి వస్తే

అడుగు సగానికి తగ్గించండి. మడమ కొట్టకుండా పాదమంతా ఒకేసారి ఆనించండి. మోకాళ్లు కొద్దిగా వంచి, బరువు ముందుకాలి మీదికి వచ్చాకే వెనక కాలు ఎత్తండి. తిరగాల్సి వస్తే ఒక్క పాదం మీద గిరుక్కున తిరగకండి, నాలుగు చిన్న అడుగుల్లో తిరగండి. పొలం గట్టు మీద బురదలోనైనా, న్యూజెర్సీలో చలికాలం పేవ్‌మెంటు మీద కనిపించని మంచుపొర మీదైనా పద్ధతి ఇదే.

చేతులు ఖాళీగా ఉండాలి. ఇది మర్యాదకి చెప్పే జాగ్రత్త కాదు. జారిన క్షణంలో చేతిలో ఏదైనా ఉంటే వేళ్లు దాన్ని వదలవు, ఇంకా గట్టిగా బిగుసుకుంటాయి. పక్కనే కమ్మీ ఉన్నా చెయ్యి దాని మీదికి పోదు. ఫోను, గొడుగు, చెంబు, నీళ్ల బకెట్ అన్నిటికీ ఇది వర్తిస్తుంది. బకెట్ తప్పనిసరైతే సగమే నింపి రెండుసార్లు తీసుకెళ్లండి.

స్నానాల గదిలో సాధారణ రోజుల కన్నా తలంటు రోజు ప్రమాదం ఎక్కువ. ఒంటికి పట్టించిన నూనె కారి అరికాళ్లకి, గచ్చుకి అంటుకుంటుంది. దాని మీద కుంకుడు రసమో షాంపూ నురగో పడితే ఏ కాలూ ఆగదు. పెద్దవాళ్లకి నూనె గది బయట, పీట మీద కూర్చోబెట్టి పట్టించండి. లోపలికి వెళ్లేముందు అరికాళ్లు పొడిగుడ్డతో తుడవండి. స్నానం కూర్చునే చేయించండి. అయ్యాక గచ్చుని సబ్బుపొడితో రుద్ది కడగండి, వట్టి నీళ్లు పోస్తే నూనె పక్కకి జరుగుతుందే గానీ పోదు. పట్టుకోవడానికి గోడకి స్క్రూలతో బిగించిన ఉక్కు కమ్మీ కావాలి, నేల నుంచి 33 నుంచి 36 అంగుళాల ఎత్తులో. తువ్వాలు వేసే కమ్మీ మనిషి బరువు ఆపలేదు.

హవాయి చెప్పులు మడమ దగ్గర నునుపుగా అరిగాక వాడకండి. అడుగున గాడులుంటేనే నీళ్లు పక్కకి పోయి రబ్బరు నేలకి తగులుతుంది. కార్తీకంలో రేవు మెట్లు దిగేవాళ్లు, నీటి అంచున ఉన్న రెండు మూడు మెట్ల మీదే పాకుడు ఎక్కువగా ఉంటుందని గుర్తుంచుకోండి. గొలుసునో కమ్మీనో పట్టుకుని, పక్కకి తిరిగి, ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ చేర్చి దిగండి. దీపం పళ్లెం ఇంకొకరి చేతికివ్వండి.

ఇక పడక తప్పదు అన్నప్పుడు

బిగుసుకుపోకండి. మోకాళ్లు, తుంటి వంచి, కూర్చుంటున్నట్టు కిందికి వెళ్లండి. పడే ఎత్తు తగ్గితే దెబ్బ తగ్గుతుంది. గడ్డం ఛాతీకి అదమండి, తల వెనక భాగం నేలకి కొట్టుకోకుండా కాపాడేది అదే. మోచెయ్యి చాపి, బిగించి నేలకి ఆనిస్తే మణికట్టు విరుగుతుంది. చెయ్యి వంగనివ్వాలి. ఇవన్నీ ఆ క్షణంలో గుర్తు రావు కాబట్టి, వారానికోసారి మంచం అంచున కూర్చుని గడ్డం అదిమి మెల్లగా వెనక్కి పరుపు మీదికి వాలే సాధన చెయ్యండి.

పడినవాళ్లని చేతులు పట్టి వెంటనే లేపెయ్యకూడదు. ఒక నిమిషం అలాగే ఉండనిచ్చి ఎక్కడ నొప్పో అడగండి. ఒక కాలు పొట్టిగా, పాదం బయటికి తిరిగి కనిపిస్తే, లేదా గజ్జలో నొప్పితో కాలు ఎత్తలేకపోతే తుంటి ఎముక విరిగి ఉండొచ్చు. కదపకుండా 108కి ఫోను చెయ్యండి. రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్ల తలకి దెబ్బ తగిలితే, పైకి బాగానే కనిపించినా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఇవేవీ లేకపోతే, వాళ్లంతట వాళ్లే పక్కకి ఒత్తిగిలి, మోచేతుల మీద, తర్వాత చేతులు మోకాళ్ల మీదికి రావాలి. మీరు ఒక గట్టి కుర్చీ తెచ్చి ముందు పెట్టి, అది జరగకుండా పట్టుకోండి. రెండు చేతులూ దాని మీద ఆనించి, బలమైన కాలి పాదం ముందు నేల మీద పెట్టి, పైకి లేచి, తిరిగి కుర్చీలోనే కూర్చోవాలి.

పడకుండా తమాయించుకున్నా తొడ వెనకో గజ్జలోనో కండరం పట్టేయడం మామూలే. రెండు రోజులు ఐసు పెట్టి, సాగదీసే వ్యాయామాలు ఆపండి. ఆర్నెల్లలో రెండోసారి జారినా, తూలినా, అది నేల తప్పో చెప్పుల తప్పో అని వదిలెయ్యకుండా డాక్టరు దగ్గరికి వెళ్లండి. వెళ్లేటప్పుడు వాడే మందులన్నీ, ముఖ్యంగా నిద్రమాత్రలు, బీపీ మాత్రలు సంచీలో వేసుకెళ్లి, పడుకుని ఒకసారి, లేచి నిలబడ్డాక ఒకసారి బీపీ చూడమని అడగండి.